కొలనోస్కోపీ తేలికే, ముందు రోజు రాత్రే నరకం

సిటీలోనే ఒక గ్యాస్ట్రో సెంటర్‌లో పోయిన నెల కొలనోస్కోపీ (కెమెరా ఉన్న పైపుతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకున్నా. తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి పేరు రాయను. నాకు 47. నాలుగైదు నెలలుగా మోషన్‌లో అప్పుడప్పుడు రక్తం పడుతుంటే మొలలే అనుకుని, అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ఎక్కడ చూసినా కనిపించే "ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం" బోర్డుల్లో ఒకదాన్ని నమ్మి పొడి తెచ్చుకుని వాడా. మా ఆవిడ ఊరుకోలేదు, లాక్కెళ్ళింది.

ముందు ప్రిపరేషన్ గురించి. రెండు రోజులు ఆకుకూర, టమాటా, జామకాయ, గింజలున్నదేదీ తినకూడదు, ఆఖరి రోజు కొబ్బరినీళ్ళు, వడగట్టిన మజ్జిగ తప్ప ఏమీ లేదు, ఆపైన పేగు ఖాళీ చేసే మందు పొడి కలిపిన 2 లీటర్ల నీళ్ళు రాత్రి సగం, తెల్లవారుజామున 4కి లేచి సగం. గ్యాస్ పోయిన ఉప్పు సోడాలా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి తాగితే కాస్త నయం. ఈ చిట్కా వాళ్ళెవరూ చెప్పలేదు. పేగు సరిగ్గా ఖాళీ కాకపోతే లోపలున్న చిన్న చిన్న తేడాలు కనబడవు కాబట్టి ఇక్కడ మాత్రం కక్కుర్తి పడొద్దు.

అసలు పరీక్ష ఏమీ లేదు. మత్తు డాక్టర్ మీది ఏ ఊరని అడిగింది, నల్గొండ అని పూర్తిగా అన్నానో లేదో, కళ్ళు తెరిస్తే అయిపోయింది.

రక్తం మొలల వల్లేనట, పొడి ఇచ్చినాయన చెప్పింది నిజమే! కానీ ఇంకొంచెం పైన 8 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) దొరికింది. అక్కడికక్కడే వైరు ఉచ్చు వేసి కోసేశారు. తర్వాత డాక్టర్ గారు ఓపిగ్గా వీడియో చూపించారు. అనుమానం ఉన్నచోట కంప్యూటరే ఆకుపచ్చ గడి గీస్తోంది, ఏఐ అట, తీయాలా వద్దా అనేది మాత్రం డాక్టరే తేలుస్తారు. కోసిన ముక్కని ల్యాబ్‌కి పంపితే బయాప్సీలో అడినోమా అని వచ్చింది, అంటే క్యాన్సర్ కాదు గానీ వదిలేస్తే కొన్ని అలా మారతాయి, దానికి పదేళ్ళు కూడా పట్టొచ్చు.

అమెరికాలో ఉన్న మా బావమరిది "రక్తపరీక్ష ఉందిగా బావా, ఈ పైపులెందుకు" అన్నాడు. నిజమే, 2024లో అక్కడ షీల్డ్ అనే దానికి అనుమతి వచ్చింది. క్యాన్సర్ ఉంటే 83 శాతం పట్టుకుంటుంది, క్యాన్సర్‌గా మారబోయే పెద్ద పాలిప్స్‌ని మాత్రం 13 శాతమే. నా దాన్ని అది ఏం పట్టేది? 2022లో న్యూయార్క్‌లో 12 మందికి ఆపరేషన్ లేకుండా ఒక్క మందుతోనే మలద్వారం దగ్గరి క్యాన్సర్ గడ్డలు మాయమయ్యాయన్న వార్త కూడా పంపాడు. అది నిజమే గానీ, డీఎన్ఏ రిపేరు వ్యవస్థ దెబ్బతిన్న రకం గడ్డలకే అట, అలాంటివి కొద్దిమందికే ఉంటాయని డాక్టర్ గారు చెప్పారు.

ఇక గొడవ. ఫోన్‌లో 8 వేలన్నారు. పాలిప్ తీసినందుకు వేరే, బయాప్సీకి వేరే, మొత్తం 17 వేలు దాటింది. ముందే ఒక మాట చెప్తే ఏం పోయింది? అన్నిటికన్నా ఘోరం, పొద్దున్నే అందరూ అదే నీళ్ళు తాగి వస్తారని తెలిసీ వెయిటింగ్ హాల్‌కి ఒకే ఒక్క టాయిలెట్ పెట్టారు.

డాక్టర్‌కి 5కి 5, బిల్లింగ్ కౌంటర్‌కి 1. వెళ్ళేవాళ్ళు ఉదయం 7 స్లాటే అడగండి. ఎనిమిదైతే ఆ టాయిలెట్ దగ్గర క్యూ మొదలవుతుంది.