దేవరకొండ బస్సులో పాఠాల యాప్
గ్రూప్-2 పరీక్ష కోసం చందా కట్టిన వీడియో పాఠాల యాప్‌ను రెండు నెలలుగా నల్లగొండ–దేవరకొండ బస్సులో వాడుతున్నాను. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను పలు నాణ్యతల్లో సర్వర్లలో ఉంచితే, సిగ్నల్‌ను బట్టి తగినదాన్ని ఫోనే ఎంచుకునే పద్ధతి 2012లో ఎంపెగ్-డాష్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. ఈ యాప్‌లోనూ నాణ్యత అలాగే మారుతుంది, మాట ఎక్కడా తెగదు. అది నిజంగా మెచ్చదగినది. అయితే కొండమల్లేపల్లి దాటాక సిగ్నల్ తగ్గగానే బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయి, సూత్రంలోని ఘాతాంకం రెండో మూడో తెలియడం లేదు. లెక్కల పాఠానికి ఇది చిన్న లోపం కాదు. ప్రయాణించే దారిలో సిగ్నల్ ఎక్కడ పడిపోతుందో అంచనా వేసి, ఆ భాగాన్ని ముందే దించుకునే విధానాలపై పరిశోధనలు సాగుతున్నాయి. రోజూ ఒకే దారిలో తిరిగే మాలాంటి వారికి నిర్వాహకులు దాన్ని తప్పక అందించాలి. ప్రస్తుతానికి ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను.