హాలిఫాక్స్‌లో హోమ్‌స్టే: ఎనిమిది నెలలు ఉండి వచ్చి రాస్తున్న రివ్యూ

శ్రీకాకుళంలో ఎవరి పిల్లలకు కెనడా సీటు వచ్చినా వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగేది ఒకటే, హోమ్‌స్టే మంచిదా, నలుగురు తెలుగువాళ్లతో కలిసి రూమ్ తీసుకోవడం మంచిదా అని. నేను 2022 సెప్టెంబరు మొదట్లో కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియా రాష్ట్రంలో ఉన్న హాలిఫాక్స్ వెళ్లి, ఎనిమిది నెలలు ఒక పెద్ద వయసు దంపతుల ఇంట్లో ఉన్నాను. కనీసం మొదటి నాలుగు నెలలు హోమ్‌స్టేలోనే ఉండమంటాను.

వెళ్లిన మూడో వారంలోనే, 24న, ఫియోనా తుఫాను వచ్చింది. నోవా స్కోషియాలో నాలుగు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. తుఫాను నాకేం కొత్త కాదు, 2018లో తిత్లీకి ఉద్దానంలో మా అమ్మమ్మగారి కొబ్బరితోట నేలకొరిగితే చూసినదాన్నే, అయినా కొత్త దేశంలో ఆ గాలి హోరు వింటుంటే కాళ్లు వణికాయి. ముందురోజు సాయంత్రమే ఆ ఇంటి ఆంటీ బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టి, నా తలగడ పక్కన టార్చిలైటు పెట్టి వెళ్లారు. పొద్దున్న పెరట్లో గ్యాస్ బార్బెక్యూ మీద టీ కాచారు. నా ఫోన్ చచ్చిపోయిందని తెలిసి, "ముందు మీ అమ్మతో మాట్లాడు" అని కారు స్టార్ట్ చేసి అందులో కూర్చోబెట్టి ఛార్జింగ్ పెట్టించారు. రాత్రంతా నిద్రపోని మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఏటమ్మా, తిన్నావా?" నలుగురం కొత్తవాళ్లమే రూమ్‌లో ఉండి ఉంటే ఆరోజు మాకు దిక్కెవరో నాకు తెలీదు.

కరెంటు వచ్చాక ఆంటీ నన్ను తను ప్రతి శనివారం సాయం చెయ్యడానికి వెళ్లే ఫుడ్ బ్యాంక్‌కి (అవసరమైనవాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) తీసుకెళ్లారు, చర్చి కింద హాల్లో ఉంటుంది. డబ్బాల మీద తేదీ చూసి గడువు దాటినవి తీసెయ్యాలి, ఇంట్లో ఎంతమందో అడిగి దాన్నిబట్టి సంచులు నింపాలి. వరసలో మన దేశం పిల్లలూ నిలబడేవాళ్లు. వాళ్లకి పాస్తా బదులు బియ్యం, శనగలు పెడదామని నేను చెప్తే అక్కడివాళ్లు వెంటనే సరే అన్నారు, ఆరోజు నాకు ఎంత సంతోషం వేసిందో! అక్కడి ముసలివాళ్ల యాస క్లాసులో కన్నా ఈ హాల్లోనే బాగా పట్టుబడింది. ఇలాంటి సేవ పిల్లలతోనో వృద్ధులతోనో చేసేది అయితే పోలీస్ రికార్డు చెక్ (మన మీద కేసులున్నాయా అని పోలీసులు చూసిచ్చే కాగితం) అడుగుతారు, దానికి కొన్నాళ్లు పడుతుంది, ముందే అప్లై చెయ్యండి.

ఇబ్బందులూ ఉన్నాయి. రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకే, మనకి టీ తాగే వేళ. అన్నం ఒక చిన్న గిన్నెడు, అదీ కూరలా పక్కన వడ్డిస్తారు. మొదటిసారి చారుకి పోపు పెడితే స్మోక్ అలారం మోగింది, అంకుల్ పరిగెత్తుకొచ్చి కిటికీలు తీసి, తువ్వాలుతో పొగ విసిరారు, తర్వాత ఆ చారు రెండుసార్లు పోయించుకున్నారు.

నాకు కోపం ఆ ఇంటి మీద కాదు, కుదిర్చిన ఏజెన్సీ మీద. రోజూ వంట చేసుకోవచ్చన్నారు, వెళ్లాక చూస్తే ఆదివారం ఒక్కరోజే. బస్‌స్టాప్ దగ్గరే అన్నారు, మంచులో ఇరవై ఐదు నిమిషాల నడక. అడిగితే మెయిల్‌కి జవాబే లేదు. ఫీజు కట్టేముందు ఇంటివాళ్లతో వీడియో కాల్ పెట్టించమనండి, వంటగది, బస్సు, ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అన్నీ వాళ్ల నోటే వినండి. నాకు భోజనంతో కలిపి నెలకు వెయ్యి డాలర్లయింది. షేరింగ్ రూమ్‌లో ఉన్న నా ఫ్రెండ్‌కి అందులో సగమే. అంత తేడా ఉన్నా నేను మళ్లీ అక్కడికే వెళ్తాను.

వచ్చే జనవరిలో మా చెల్లి వెళ్తోంది. ఏజెన్సీ లేకుండా ఆంటీకే ఫోన్ చేసి అదే గది అడిగాం. సరే అన్నారు, పలాస జీడిపప్పు మాత్రం ఈసారి రెండు కేజీలు పంపమన్నారు.