భూటాన్ దారా, నేపాల్ దారా? పర్యాటకంలో ఏది మేలు

పాశ్చాత్య దేశాల పర్యాటకుడు భూటాన్‌లో ఒక రాత్రి గడపాలంటే అక్కడి ప్రభుత్వానికి 100 డాలర్లు కట్టాలి. హోటలు, భోజనం, బండి, గైడు ఖర్చులు దానికి అదనం. అదే మనిషి నేపాల్‌లో దిగితే 30 డాలర్లకు పదిహేను రోజుల వీసా విమానాశ్రయంలోనే చేతిలో పెడతారు. రెండూ హిమాలయ దేశాలే. రెండింటికీ సముద్రం లేదు, పెద్ద పరిశ్రమలు లేవు. విదేశీ మారకం కోసం కొండలనూ ఆరామాలనూ చూపించి సంపాదించుకోవడం రెండింటికీ ఒక ముఖ్యమైన దారి. కానీ ఒక దేశం ‘కొద్దిమందే రండి, ఎక్కువ కట్టండి’ అంది. ఇంకో దేశం ‘ఎంతమందైనా రండి’ అంది.

పేద దేశాల పర్యాటకం గురించి మాట వచ్చినప్పుడల్లా భూటాన్‌ను మెచ్చుకోవడం, నేపాల్‌ను తప్పుపట్టడం ఒక అలవాటుగా మారింది. ఒక పక్క పచ్చటి లోయలో నిశ్శబ్దంగా ఉన్న మఠం ఫొటో, మరో పక్క ఎవరెస్ట్ శిఖరం కింద తాడు పట్టుకుని బారులు తీరిన జనం ఫొటో. ఈ రెండూ చూపించి తీర్పు చెప్పేస్తారు. నాకు అది సరైన పోలిక అనిపించదు. ఎంతమంది వచ్చారు, తలకి ఎంత వసూలైంది అన్నవి చూసి ఊరుకుంటే ముఖ్యమైన లెక్క తప్పిపోతుంది. వచ్చిన డబ్బులో ఎంత ఆ ఊళ్లో ఆగింది? ఎవరి ఇంటికి చేరింది?

ముందు భూటాన్ సంగతి చూద్దాం. ఆ దేశం పర్యాటకులకు తలుపు తీసింది 1974లో, రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం సందర్భంగా. అప్పటినుంచీ జనం తాకిడిని ధరతోనే అదుపు చేస్తూ వచ్చింది. కోవిడ్‌కు ముందు చాలా ఏళ్లు నడిచిన పద్ధతి ఇదీ: భారత్ వంటి పొరుగు దేశాలవారు కాని విదేశీయుడు రోజుకు 200 డాలర్లు, సీజన్‌లో అయితే 250 డాలర్లు పెట్టి ప్యాకేజీ కొనుక్కోవాలి. అందులో 65 డాలర్లు ప్రభుత్వానికి సుస్థిరాభివృద్ధి రుసుముగా వెళ్లేవి. మిగతా సొమ్ములోనే హోటలు, తిండి, గైడు, కారు అన్నీ. అంటే ప్యాకేజీ కొన్న ప్రతి విదేశీ అతిథి వల్లా హోటల్లో పనిచేసేవాళ్లకీ గైడుకీ డ్రైవరుకీ రోజుకు ఇంత అని రాబడి ఖాయంగా ఉండేది.

2022 సెప్టెంబరులో మళ్లీ సరిహద్దులు తెరిచినప్పుడు ఈ పద్ధతిని మార్చేశారు. తప్పనిసరి ప్యాకేజీ ఎత్తేశారు, రుసుమును మాత్రం 65 నుంచి 200 డాలర్లకు పెంచారు. పైకి చూస్తే మొత్తం ఖర్చులో పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. లోపల జరిగింది వేరు. ఇంతకుముందు ఆ 250లో పెద్ద వాటా హోటలుకూ గైడుకూ చేరేది. కొత్త పద్ధతిలో 200 నేరుగా ఖజానాకు పోయి, హోటలు ఖర్చు దాని మీద పడింది. ఖర్చు రాత్రుల లెక్కన పెరుగుతుంది కాబట్టి పది రోజులు ఉండాలనుకున్నవాళ్లు ఐదు రోజులకే కుదించుకుంటారు. మారుమూల లోయలకు వెళ్లేది ఆ మిగతా ఐదు రోజుల్లోనే. పశ్చిమాన ఉన్న పారో, థింపు, పునాఖా చుట్టి వెళ్లిపోతే తూర్పు భూటాన్‌కు మిగిలేది ఏముంది?

2019లో సుమారు 3.15 లక్షల మంది వచ్చిన దేశానికి 2023లో లక్ష పైచిలుకు మాత్రమే వచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం రుసుమును సగానికి, 100 డాలర్లకు తగ్గించింది. ఈలోగా చదువుకున్న భూటాన్ యువత పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియా బాట పట్టింది. వలసకు పర్యాటకం ఒక్కటే కారణం కాదు. కానీ చదువుకున్నవాళ్లకు కొత్తగా ఉద్యోగాలివ్వగల కొద్దిపాటి రంగాల్లో అదొకటి. అది చతికిలబడిన సమయంలోనే ఇదీ జరిగింది.

‘కొద్దిమందే’ అన్న మాటనూ కాస్త తరచి చూడాలి. 2019లో వచ్చినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది భారత్, బంగ్లాదేశ్, మాల్దీవుల నుంచి వచ్చినవారు. అప్పట్లో వారికి రుసుమే లేదు. ఇప్పుడు భారతీయులు రోజుకు 1,200 రూపాయలు కడుతున్నారు. ఇక జనాభాతో కలిపి చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది. భూటాన్ జనాభా 8 లక్షల లోపే. అంటే 2019లో ప్రతి వందమంది భూటానీయులకూ నలభై మంది పర్యాటకులు. అదే ఏడాది నేపాల్‌కు వచ్చినవారు దాదాపు 12 లక్షలు, కానీ దేశ జనాభా 2.9 కోట్లు. అక్కడ వందమందికి నలుగురు. ‘జనంతో కిక్కిరిసిన నేపాల్’ అని అనుకునేది నిజానికి ఎవరెస్ట్ దారీ, కాఠ్మాండూలోని థమేల్ వీధులూ, మరికొన్ని చోట్లూ మాత్రమే. దేశంలో చాలా జిల్లాలు ఒక్క అతిథినైనా చూడక ఎదురుచూస్తున్నాయి.

అలాగని భూటాన్ సాధించినదాన్ని తక్కువ చేయలేం. పారో పైన తక్‌త్సాంగ్ మఠానికి ఎక్కితే ఆ విధానం కళ్లకు కడుతుంది. పైన్ చెట్ల మధ్య రెండు మూడు గంటల నడక. గుర్రాలు సగం దూరంలోని ఫలహారశాల దాకానే. మఠం వాకిట్లో సంచులూ కెమెరాలూ ఫోన్లూ అప్పగించి లోపలికి వెళ్లాలి. కాబట్టి లోపల దీపాల ముందు కూర్చున్న భిక్షువును ఫొటోలు తీసేవాళ్లెవరూ ఉండరు. వచ్చినవాళ్ల సౌకర్యం కోసం ఆ ఆరామం తన నడవడిక మార్చుకోలేదు. పర్వతాల విషయంలోనూ అంతే. 2003 నుంచి భూటాన్‌లో పర్వతారోహణ పూర్తిగా నిషేధం. 7,570 మీటర్ల గాంగ్‌ఖర్ పున్సుమ్ శిఖరం మీద ఇప్పటికీ మనిషి కాలు పడలేదు. శిఖరాలు దేవతల నివాసాలని నమ్మే జనం, డాలర్ల కోసం ఆ నమ్మకాన్ని పక్కన పెట్టలేదు. దేశంలో 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. వైద్యం, చదువు ఉచితం. పర్యాటకుడు కట్టిన రుసుము ఖజానాకు చేరినా, ఆసుపత్రిగానో బడిగానో జనం దగ్గరికి తిరిగి వస్తోంది. నాకు భూటాన్‌లో అన్నిటికంటే నచ్చినది ఇదే.

కానీ ఇది భూటాన్‌కు కుదరడం వెనక ఇంకో ఆదాయం ఉంది. నదుల మీద జలవిద్యుత్తు తీసి భారత్‌కు అమ్ముతుంది. పర్యాటకం ఒకటి రెండేళ్లు పడకేసినా ప్రభుత్వం నడుస్తుంది. ఆ ఆధారం లేని దేశం భూటాన్ ధరను చూసి తానూ పెంచేస్తే నష్టపోయేది హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లే.

నేపాల్ దారి 1950లలో మొదలైంది. కొండదారిలో ఇల్లున్న ఎవరైనా రెండు మంచాలు అదనంగా వేసి అతిథులకు చోటివ్వచ్చు. టీ హౌస్ అని పిలిచే ఆ బసలు అలా పుట్టినవే. వాటి లెక్క చూడండి. గది అద్దె నామమాత్రం, కొన్నిచోట్ల అదీ తీసుకోరు. కానీ రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం అక్కడే తినాలి. ఇంటావిడ పొయ్యి దగ్గర, కూతురు వడ్డన, పెరట్లో ఆకుకూర, బంగాళాదుంప. పైకి వెళ్లేకొద్దీ దాల్‌భాత్ ధర పెరుగుతుంది. బియ్యం, గ్యాస్ సిలిండరు కంచరగాడిద మీదో మనిషి వీపు మీదో ఎక్కాలి కనుక. ఆ పెరిగిన ధరలో కూలీకి కొంత, కంచరగాడిదల యజమానికి కొంత పోతుంది. ఇందులో దేశం దాటేది చాలా తక్కువ. రాజధానిలో పెద్ద హోటలు అలా కాదు. లిఫ్టు దిగుమతి, వైను దిగుమతి, పైపెచ్చు విదేశీ బ్రాండుకు పేరు వాడుకున్నందుకు చెల్లింపు. పది డాలర్లు ఖర్చుపెట్టే బ్యాక్‌ప్యాకర్‌ను చిన్నచూపు చూడకూడదని నేననేది ఇందుకే. అతని పది డాలర్లూ దాదాపుగా ఆ కొండ మీదే ఉండిపోతాయి.

నేపాల్ లోపాలు వేరే చోట ఉన్నాయి, అవి చిన్నవి కావు. 2014 ఏప్రిల్‌లో ఎవరెస్ట్ ఎక్కే దారిలోని ఖుంబు హిమనదం దగ్గర మంచుచరియలు విరుచుకుపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఒక్కో విదేశీ ఆరోహకుడి నుంచి వేల డాలర్లు అనుమతి రుసుముగా తీసుకునే ప్రభుత్వం, మృతుల కుటుంబాలకు ముందుగా ప్రకటించింది 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆ సీజన్‌లో ఇక పైకి ఎక్కేది లేదన్నారు. అలా అనడం వాళ్ల హక్కు. ఎవరెస్ట్ రుసుము 2015 నుంచి 11,000 డాలర్లు, 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లు. నిచ్చెనలు మోసేవాడి ప్రాణానికి బీమా ఎంత అన్నది ఆ రుసుముకు సమానంగా పెరగాల్సిన అంకె.

విమానాల భద్రత రెండో లోపం. 2013 నుంచి నేపాల్ విమానయాన సంస్థలకు యూరోపియన్ యూనియన్ గగనతలంలోకి ప్రవేశం లేదు. మూడోది, డబ్బు పెట్టే చోటు. చైనా రుణంతో కట్టిన పోఖరా అంతర్జాతీయ విమానాశ్రయం 2023 జనవరి 1న ప్రారంభమైంది. ఆ తర్వాత కూడా అక్కడికి రోజువారీ విదేశీ సర్వీసుల కోసం ఎదురుచూపులే. అప్పు వాయిదాలు మాత్రం ఆగవు. ఇంకా 2018లో బయటపడ్డ హెలికాప్టర్ రక్షణ మోసాలు: ఏ జబ్బూ లేని ట్రెక్కర్‌ను కిందికి దించి విదేశీ బీమా సంస్థలకు బిల్లు వేయడం. కొందరి కక్కుర్తికి నిజాయతీగా పనిచేసే వేలమంది గైడ్ల పేరు పోయింది.

కాబట్టి పోలికను దేశాల మధ్య ఆపేయకుండా నేపాల్ లోపలికే తీసుకెళ్లాలి. అక్కడ పక్కపక్కనే రెండు ప్రయోగాలు జరిగాయి.

ఒకటి టిబెట్ సరిహద్దులోని ఎగువ ముస్తాంగ్. 1992లో తెరిచినప్పుడు వందల డాలర్ల అనుమతి రుసుము పెట్టారు, అచ్చం భూటాన్ తరహాలో. ఆ సొమ్ములో మంచి వాటా తమ లోయకు తిరిగి వస్తుందని ప్రజలు ఆశపడ్డారు. వచ్చింది స్వల్పమని ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. ధర ఎక్కువ, అతిథులు తక్కువ, ఊరికి దక్కింది ఇంకా తక్కువ. గుర్రాలు నడిపేవాడికీ పని లేదు, బడికీ నిధుల్లేవు.

రెండోది అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం. ఎగువ ముస్తాంగ్ కూడా దీని హద్దుల్లోకే వస్తుంది, కానీ మిగతా ప్రాంతంలో రుసుము పద్ధతి వేరు. ఇది 1986లో ఘంద్రుక్ గ్రామం నుంచి మొదలైంది. విదేశీయులకు 3,000 నేపాలీ రూపాయలు, సార్క్ దేశాలవారికి 1,000. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ డబ్బు ప్రకృతి సంరక్షణ జాతీయ ట్రస్టు ద్వారా అక్కడి కాలిబాటలకు, వంతెనలకు, తాగునీటికి, అడవుల కాపలాకు వెళుతుంది. ఏం చేయాలో గ్రామస్థుల కమిటీలు కూర్చుని మాట్లాడతాయి. ఒక ఊళ్లోని బసలన్నింట్లో మెనూ ధరలు ఒకటే ఉండేలా నిర్ణయించేదీ కమిటీయే. పక్కింటివాడికంటే తక్కువకు అమ్మి ఇద్దరూ మునిగే పోటీ అలా తప్పింది. ప్లాస్టిక్ సీసాలు తగ్గించడానికి దారిలో శుద్ధి చేసిన నీటి కేంద్రాలు పెట్టారు. వాటిని చాలాచోట్ల నడిపేది ఊరి మహిళలే.

నా తీర్పు అన్నపూర్ణ వైపే. జనాభా ఎక్కువ, ఉద్యోగాలు తక్కువ ఉన్న దేశానికి తలుపు తెరిచి ఉంచడమే మేలు. కాకపోతే రుసుము దేశం గుమ్మంలో కాదు, లోయ గుమ్మంలో తీసుకోవాలి, అందులో ఎంత అక్కడే ఖర్చవ్వాలో చట్టంలో అంకెతో సహా రాయాలి. నేపాల్‌కు ఇది కొత్త కాదు. జాతీయ పార్కుల రాబడిలో 30 నుంచి 50 శాతం చుట్టుపక్కల ఊళ్ల సమితులకు ఇవ్వాలని 1996 నిబంధనలే చెబుతున్నాయి. చిత్వాన్‌లో ఖడ్గమృగం పంట తొక్కినా రైతు దాన్ని కాపాడటానికి అదొక కారణం. ఇలాంటి నియమం ఎవరెస్ట్ అనుమతుల డబ్బుకూ ఉండాలి.

అన్నపూర్ణ దారికి ఒక పెద్ద దెబ్బ తగిలిన మాట నిజం. మనాంగ్ వైపు, జోమ్‌సోమ్ వైపు రోడ్డు వచ్చాక పాత నడకదారి చాలాచోట్ల జీపుల దుమ్ములో కలిసింది. ఒకప్పుడు ట్రెక్కర్లు రాత్రి ఆగిన ఊళ్లలో ఇప్పుడు జీపు టీకి కూడా ఆగడం లేదు. ఆ రోడ్డును వద్దనాల్సిందని చెప్పే హక్కు బయటివాళ్లకు లేదు. నొప్పులు పడుతున్న గర్భిణిని ఆసుపత్రికి చేర్చాల్సింది ఆ రోడ్డే. ఆపిల్ పండ్లు సంతకు చేరేదీ దాని మీదే. నష్టపోయిన ఊళ్ల గుండా రోడ్డుకు దూరంగా కొత్త కాలిబాటలు వేసే పని మొదలైంది. దానికి ఇంకా ఎక్కువ డబ్బు కేటాయించాలి.

భూటాన్‌కు అయితే రుసుము తీసేయమని చెప్పను. 65 డాలర్ల కాలంలోలా అతిథి ఖర్చులో పెద్ద భాగం పనిచేసేవాళ్ల చేతికి వెళ్లే పద్ధతి మాత్రం మళ్లీ రావాలి. రాత్రుల సంఖ్య పెరిగేకొద్దీ రుసుము తగ్గిస్తే తూర్పు లోయలకు కూడా అతిథులు చేరతారు. ఇప్పటి సగం ధర గడువు 2027 ఆగస్టు 31తో ముగుస్తుంది. అప్పుడు అంకె ఎంత పెట్టాలన్న చర్చలో థింపు హోటలు యజమానులతో పాటు తూర్పున ఉన్న త్రాషిగాంగ్‌లో ఇంట్లో అతిథులను దింపుకునే కుటుంబాలకూ మాట ఉండాలి.