గాజువాక ఆటోనగర్‌లో చేయించిన బోటు ట్రాలీ: ఏడాదిన్నర వాడాక

ముందే చెప్పేస్తున్నాను, షాపు పేరు రాయను. చేసిన పనిలో సగం నాకు బాగా నచ్చింది, మిగతా సగం మీద ఇంకా గొడవ నడుస్తోంది.

నాది 16 అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 హెచ్‌పీ యమహా. అమెరికాలో బాస్ బోట్ అంటారే, నిలబడి గేలం విసరడానికి వీలుగా ముందూ వెనకా చదునైన డెక్కు ఉంటుంది, ఆ తరహాది. వాళ్లకి బాస్ చేప, మనకి పండుగప్ప. సెలవు దొరికితే భీమిలి దగ్గర గోస్తనిలో, సముద్రం నెమ్మదిగా ఉంటే మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి బయటికి. ఇల్లు మధురవాడలో. కాబట్టి ప్రతిసారీ బొలెరో వెనక కట్టుకుని వెళ్లాలి, అలాగే తెచ్చుకోవాలి. నీళ్లలోకి దించడం ఎవరైనా దించుతారు. తిరిగి ఎక్కించేటప్పుడే పరువు పోయేది.

పాత ట్రాలీ తుప్పుపట్టి చిల్లులు పడితే ఇది చేయించాను. మొత్తం 82 వేలు. మేస్త్రీ ట్రాక్టరు తొట్లు, లారీ బాడీలు చేసిన చెయ్యి, బోటు పని ఎప్పుడూ చెయ్యలేదు. అయినా ఇంటికొచ్చి, కూలర్ అట్టపెట్టె చింపి, బోటు అడుగున ఆనించి, ఆ వాలు ఎంతుందో కత్తెరతో కత్తిరించుకుని పట్టుకెళ్లాడు. టేపు కూడా తియ్యలేదు. ఆ అట్టముక్క ప్రకారమే బోటు కూర్చునే రెండు చెక్క పట్టెలు వంచి బిగించాడు, పైన కార్పెట్ చుట్టాడు. బోటు పెట్టి చూస్తే ఈ చివర్నుంచి ఆ చివరికి ఎక్కడా సందు లేదు. ఆయన మొదట రోలర్లే వేద్దామన్నాడు, లాగడం సులువని. నేనే వద్దన్నాను. ఫైబర్ అడుగు మీద బరువంతా నాలుగు రోలర్ల దగ్గరే పడడం నాకు ఇష్టం లేదు. లాగడానికి కొంచెం కష్టమైనా పట్టెలే మేలు.

తప్పు జరిగింది వించి (చేత్తో తిప్పితే పట్టీ చుట్టుకుని బోటుని ట్రాలీ మీదకి లాగే చక్రం) బిగించిన స్తంభం దగ్గర. బోటు ముక్కు వచ్చి ఆనే రబ్బరు దిమ్మ నాలుగంగుళాలు కిందికి పెట్టాడు. దాంతో వించి పట్టీ ముక్కుని ముందుకి లాగకుండా కిందికి గుంజేది. కొంచెం లోతుకి దించితే ముక్కు ఆ దిమ్మ పైకెక్కి కూర్చునేది. మొదటిసారి అలా ఎక్కినప్పుడు దాన్ని కిందికి దించడానికి నలుగురం కావాల్సొచ్చింది. ఈ విషయంలో మేస్త్రీని మెచ్చుకోవాలి, మాట్లాడకుండా స్తంభం కోసి, పైకీ కిందికీ జరుపుకునేలా యూ బోల్టులతో మళ్లీ బిగించాడు. డబ్బులు అడగలేదు.

మేం దించేది గోస్తని ఒడ్డున తెలిసినవాళ్ల జాగాలో పోయించిన సిమెంటు వాలు మీద. కింది భాగమంతా పాచి. మొదట్లో నా పద్ధతి ఒకటే: ట్రాలీని నిండా ముంచెయ్యడం, బోటు తేలుతూ వచ్చి పడుతుందిలే అని. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన రెండు వారాలు చూసి ఊరుకున్నాడు, మూడో వారం ఇక ఆపుకోలేకపోయాడు.

"ఏటి బాబూ, అంత లోతుకి దించీసినారేటి? పడవ తేలతాది గానీ కూకోదు కదా."

నిజమే. పట్టెలు మరీ మునిగితే బోటుకి ఆనడానికి ఏమీ ఉండదు. గాలి ఎటు తోస్తే అటు జరుగుతుంది, పైకి లాగాక చూస్తే ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మరీ తక్కువ దించామా, వించి తిప్పి తిప్పి భుజాలు పోతాయి. ఇప్పుడు చేసేది ఏంటంటే, ముందు పూర్తిగా ముంచి కార్పెట్ తడుపుతాను. తర్వాత పట్టెల ముందు భాగం బయటపడేదాకా బండి ముందుకి జరుపుతాను. మా ట్రాలీకి గుర్తు మడ్‌గార్డు: దాని పైఅంచు నీళ్లకి రెండు వేళ్లు పైన కనబడాలి. సిమెంటు మీద గీత గీస్తే పనికిరాదు, విశాఖ తీరంలో అమావాస్య పున్నములకి పోటూ పాటుల మధ్య సుమారు మీటరున్నర తేడా ఉంటుంది. పొద్దున్న దించిన చోటు సాయంత్రానికి వేరే చోటు. మడ్‌గార్డు మాత్రం ట్రాలీతోనే ఉంటుంది. మా ఆవిడ దాన్నే చూస్తూ "ఆగండి" అంటుంది, నేను ఆగుతాను.

ఇంకొకటి. నీళ్లలో ముక్కు దిమ్మకి బాగా ఆనినట్టే ఉంటుంది. పైకి లాగుతుంటే వెనకభాగం పట్టెల మీదకి దిగి, ముందు రెండంగుళాల సందు వస్తుంది. వాలు మధ్యలో ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాల వెనక చెక్క దిమ్మలు పెట్టి, పట్టెలు తడిగా ఉండగానే వించి ఇంకో నాలుగు పళ్లు తిప్పాలి. గొలుసు తగిలించాలి. ఇంటికెళ్లి చూసుకుందాంలే అనుకుంటే తగరపువలస రోడ్డు గతుకులు ఊరుకోవు.

టెక్సస్‌లో మా బావమరిది స్నేహితుడు ఇవేవీ లేకుండా ఇంజను తొక్కి సరాసరి ట్రాలీ మీదకి నడిపేశాడు. చూడ్డానికి బలే ఉంది. కానీ ఆ ఫ్యాను నీళ్లు వాలు చివర మట్టిని తోడేసి గొయ్యి చేస్తాయి, ఎవరి చక్రమో అందులో దిగబడుతుంది. అక్కడ కూడా కొన్ని చోట్ల అలా చెయ్యకూడదని బోర్డు పెడతారు. మా వాలు ఉన్నదే 20 అడుగులు.

ఈ ట్రాలీకి నేను పెట్టిన ఖర్చులో బాగా గిట్టుబాటైంది వెనక నిలబెట్టిన రెండు గొట్టాలు. లోపల జీఐ పైపు, పైన తెల్ల పీవీసీ, రెండూ కలిపి 2,200. పాటు నీరు పక్కనుంచి ఈడ్చినా బోటు వాటికి రాసుకుని మధ్యకే వస్తుంది. పైగా ఖాళీ ట్రాలీని రివర్సు చేసేటప్పుడు అద్దంలో కనబడేవి ఇవే. అవి లేనప్పుడు ట్రాలీ ఎటు తిరిగిందో తెలిసేసరికి బండికి అడ్డంగా మడతపడి ఉండేది. రివర్సుకి చిట్కా కూడా చెప్తాను, చెయ్యి స్టీరింగు కింది భాగంలో పట్టుకోండి. చెయ్యి ఎటు జరిగితే ట్రాలీ వెనక అటే వెళ్తుంది.

ఇక గొడవ సంగతి. తుప్పు పట్టకుండా ఫ్రేము కరిగిన జింకులో ముంచి ఇవ్వమన్నాను, దానికే విడిగా డబ్బు తీసుకున్నాడు. ఆరు నెలలకే వెల్డింగు అతుకుల దగ్గర పెయింటు పొక్కులు లేచింది. గోరుతో గీకితే కింద రెడ్ ఆక్సైడ్, అంటే మామూలు ఎర్ర ప్రైమరు. పైన వెండి రంగు స్ప్రే. అడిగితే "అదీ జింకే సార్" అంటాడు. కమాను బోల్టులూ మామూలు ఇనుమే, ఉప్పునీళ్లకి తలలు అరిగిపోయాయి. హబ్బుల్లో (చక్రం మధ్య బేరింగులుండే దిమ్మల్లో) నీళ్లు చేరడం మాత్రం నా పొరపాటు. రోడ్డు మీద వేడెక్కిన హబ్బుని వెంటనే ముంచితే లోపలి గాలి చల్లబడి నీళ్లు పీల్చుకుంటుంది. ఇప్పుడు టీ తాగేంతసేపు ఆగి దించుతున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. నా బోటుకి వర్తిస్తుందా లేదా అని ఎవరితోనూ వాదించను, ఆ 61 రోజులూ ఇంట్లోనే ఉంచుతాను. ఈసారి ఆ టైములో ఫ్రేము విప్పి నేనే జింకు ప్లాంటుకి పట్టుకెళ్తున్నాను, కిలోల లెక్కన తీసుకుంటారు. విప్పేటప్పుడు మేస్త్రీని కూడా రమ్మన్నాను. వస్తానన్నాడు, రావాలి మరి.