ఎనభై మూడేళ్ల గొంతులో ఎనిమిది పాటలు: వాండా జాక్సన్ ‘ఎంకోర్’

అమెరికాలోని ఓక్లహోమాలో పుట్టిన గాయని వాండా జాక్సన్ 1954లో డెక్కా రికార్డు సంస్థకు తొలి రికార్డు పాడే నాటికి హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు. ‘ఎంకోర్’ ఆల్బమ్ 2021 ఆగస్టులో వచ్చే నాటికి ఆమెకు 83 ఏళ్లు. ఈ రికార్డును విడిగా విని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ముందుగా ఆమె పాత పాటలు రెండు మూడు విని, ఆ తరువాతే దీన్ని పెట్టుకోవాలి.

ఆ పాత పాటల్లో మొదట వినవలసింది 1958లో రికార్డు చేసిన ‘లెట్స్ హావ్ ఎ పార్టీ’. మాట పెదవి దాటకముందే గొంతులో జీర పుట్టించి, పాదం ముగిసే చోట దాన్ని గర్జనగా మార్చే విద్య అందులో స్పష్టంగా వినిపిస్తుంది. రెండేళ్ల తరువాత సింగిల్‌గా విడుదలైన ఆ పాట అమెరికా పాప్ పట్టికలో 37వ స్థానం దాకా వెళ్లింది. అంతకుముందు కంట్రీ పాటలే (అమెరికా పల్లె బాణీ పాటలు) పాడుకుంటున్న ఆమెను రాక్ అండ్ రోల్ అనే ఈ కొత్త బాణీ వైపు ప్రోత్సహించినవారు, 1955లో అదే వేదికలపై పాడుతున్న ఎల్విస్ ప్రెస్లీ. తల్లి కుట్టి ఇచ్చిన కుచ్చుల గౌనులతో ఆమె వేదికనెక్కడం కూడా ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

1970లలో భక్తిగీతాల వైపు మళ్లిన ఈ గాయనికి ఆ రంగంలోని ప్రముఖులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కడానికి 2009 దాకా ఆగవలసి వచ్చింది. 1961 నుంచి తోడున్న భర్త 2017లో మరణించారు. 2019లో ఆమె కచేరీలు మానేశారు.

రాక్ గాయని జోన్ జెట్, నిర్మాత కెన్నీ లగూనా కలిసి నిర్మించిన ‘ఎంకోర్’ ఆ తరువాత వచ్చినది. కొన్ని పాటల రచనలో జాక్సన్ కూడా పాలుపంచుకున్నారు. ఊపిరి పట్టు తగ్గిందన్నది దాచిపెట్టలేని నిజం. సాగదీయవలసిన స్వరాన్ని ఆమె మధ్యలోనే వదిలి, తరువాతి మాటను కాస్త ముందుగా అందుకుంటారు. ‘ఇట్ కీప్స్ రైట్ ఆన్ ఎ హర్టిన్’ అనే పాత విరహగీతంలో ఆ తొందర కూడా కలిసివచ్చింది, ఎందుకంటే వణుకుతున్న గొంతు అక్కడ లోపంగా కాక దుఃఖంగానే వినిపిస్తుంది. హుషారు పాటల్లో మాత్రం గిటార్ల హోరు ఎక్కువై, మనం వినాలనుకున్న జీర వెనక్కి పోయింది. వాద్యాలను ఒక మెట్టు దించి ఉంటే బాగుండేది. ఎనిమిదే పాటలు కావడంతో అరగంట లోపే రికార్డు ముగిసిపోవడం మరో కొరత.

ఆమెను కొత్తగా వినబోయేవారు కాపిటల్ అనే రికార్డు సంస్థకు ఆమె పాడిన 1950ల నాటి పాటల సంకలనంతో మొదలుపెట్టడం మేలు. ఆ గొంతు ఇప్పటికే పరిచయమున్నవారు ‘ఎంకోర్’ను నిస్సందేహంగా కొనుక్కోవచ్చు, శబ్దం కాస్త తగ్గించి, ముందుగా ఆ విరహగీతాన్నే వినండి.