హైదరాబాద్ నుంచి విశాఖకు: విమానమా, వందేభారతా, రాత్రి రైలా?

టికెట్ల యాప్‌లో హైదరాబాద్–విశాఖ విమానానికి గంటా ఇరవై నిమిషాలని చూశాక రైలు గురించి ఆలోచించబుద్ధి కాదు. కానీ లెక్క వేయాల్సింది ఇంటి గుమ్మం నుంచి.

శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి ఆకాశంలో సూటిగా సుమారు 510 కిలోమీటర్లు. రైలు మాత్రం వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి, అక్కణ్ణుంచి ఏలూరు, రాజమండ్రి వైపు తిరగాలి కాబట్టి దాదాపు 700. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో వెళ్లే జెట్‌కు 510 అంటే నలభై నిమిషాల పని. అయినా గంటా ఇరవై ఎందుకంటే, విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ పూర్తిగా ఆగేదాకా లెక్కేస్తారు. రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగే ముందు వేగం తగ్గించడం అన్నీ అందులోనే. ఏటీఆర్ లాంటి చిన్న ప్రొపెల్లర్ విమానమైతే ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ఇల్లు సికింద్రాబాద్‌లో అనుకుందాం. ట్రాఫిక్‌లో శంషాబాద్ చేరడానికి గంటంబావు. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. విమానంలో గంటా ఇరవై. దిగాక బ్యాగుల కోసం అరగంట, ఎంవీపీ కాలనీ చేరడానికి మరో ముప్పావు గంట. మొత్తం ఐదు గంటల పైమాటే. వందేభారత్‌లో రైల్లోనే ఎనిమిదిన్నర గంటలు, ఇంటి నుంచి ఇంటికి దాదాపు పది. అంటే విమానంతో నిజంగా మిగిలేది నాలుగైదు గంటలు.

ఉదయం వెళ్లి రాత్రికి తిరిగొచ్చే పని ఉంటే ఆ గంటలకు విలువుంది, విమానమే మేలు. పెళ్లికో పండక్కో ఇంటిల్లిపాదీ కదిలితే నా ఓటు రైలుకే. విమానంలో మామూలుగా మనిషికి 15 కిలోల బ్యాగు, చేతిలో 7 కిలోలు. ఆవకాయ సీసా చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీలో తీసేయమంటారు. ఎండుకొబ్బరి చెక్-ఇన్ బ్యాగులో కూడా కుదరదు, నూనె ఉండి త్వరగా అంటుకుంటుందని. పైగా సంక్రాంతికి విమానం చార్జీలు చుక్కలు చూపిస్తాయి.

వందేభారత్ రోజంతా ఖాళీగా ఉన్నవాళ్లకు బాగుంటుంది. తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉన్నాయి. మధ్యాహ్నం బండి విశాఖ చేరేసరికి అర్ధరాత్రి కావస్తుంది, పెద్దవాళ్లతో వెళ్తే అది చూసుకోండి. అందులో పడుకునే వీలు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అన్ని గంటలు కూర్చోలేరు. వాళ్లకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో లోయర్ బెర్తే హాయి. ప్రయాణం పన్నెండు గంటల పైనే, కానీ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి ఊళ్లో ఉంటారు. నిద్రలో గడిచే ఆ గంటల్ని పోయిన టైమ్‌గా నేను లెక్కపెట్టను. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండగ రోజులకైతే ఆ ఉదయమే కూర్చోవాలి.

విశాఖలో ఇప్పటిదాకా వాడుతున్న విమానాశ్రయం నౌకాదళానిది, ఊరికి దగ్గర. భోగాపురంలో కట్టిన కొత్తది సుమారు 45 కిలోమీటర్ల దూరం. సర్వీసులు అక్కడికి మారితే గాజువాక వాళ్లకు మిగిలే నాలుగు గంటల్లో గంటకు పైగా రోడ్డు మీదే పోతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం విమానం ఇంకా కలిసొస్తుంది.