జపాన్ ఫ్యామిలీల రీలొకేషన్ సర్వీస్ మూడున్నరేళ్లు వాడాక చెప్తున్నా

మా ఆయన జపనీస్, నాది గుడివాడ. ఈ ముక్క ముందే చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 2011లో ఉద్యోగం మీద జపాన్ వెళ్లా, నగోయాలో సెటిల్ అయ్యా, పెళ్లి, బాబు, ఎయిజూకెన్, అంటే అక్కడి పర్మనెంట్ రెసిడెన్సీ, అన్నీ అక్కడే అయ్యాయి, పాస్‌పోర్ట్ మాత్రం ఇండియాదే ఉంచుకున్నా. 2022లో మా ఆయన్ని కంపెనీ శ్రీసిటీ ప్లాంటుకి వేసింది. మన తడ పక్కనే, తిరుపతి జిల్లా, కానీ చెన్నైకి 55 కిలోమీటర్లే కాబట్టి అక్కడ పనిచేసే జపాన్ వాళ్లలో ఫ్యామిలీతో వచ్చినవాళ్లు ఎక్కువగా చెన్నైలోనే ఇల్లు తీసుకుని రోజూ కారులో వెళ్లొస్తారు. మేమూ అంతే, అడయార్‌లో ఉంటున్నాం.

ఇలా ఫారిన్ పోస్టింగ్ వచ్చిన ఫ్యామిలీలకి జపాన్ కంపెనీలు ఒక రీలొకేషన్ ఏజెన్సీని పెడతాయి. ఇల్లు వెతకడం, రిజిస్ట్రేషన్, బ్యాంక్, సిమ్, స్కూల్, హాస్పిటల్‌కి తోడు, పనిమనిషి, డ్రైవర్, పైగా 24 గంటలూ జపనీస్‌లో మాట్లాడే ఫోన్ నంబర్. పేరు చెప్పను, ఎందుకంటే తిట్టేవి కూడా ఉన్నాయి.

మొదట్లోనే గొడవ. హెచ్ఆర్ వాళ్లు మా ఆయన్ని పిలిచి మీ వైఫ్ ఇండియనే కదా, ఫుల్ ప్యాకేజీ అవసరమా, సగానికి తగ్గిద్దామా అన్నారంట. కోడలి పుట్టిల్లు ఇండియా మొత్తం అనుకున్నట్టున్నారు! నాకు చెన్నై అంటే చిన్నప్పుడు ఒకసారి పెళ్లి చీరలకి అమ్మతో టీనగర్ వెళ్లడం, తమిళం అంటే డబ్బింగ్ కాకముందు సినిమా. అదీకాక నేను ఇండియా వదిలింది హాస్టల్ నుంచి, గ్యాస్ బుక్ చేయడం, ఇల్లు అద్దెకి మాట్లాడటం, పనిమనిషితో జీతం తేల్చుకోవడం ఇవేవీ నా జీవితంలో చేసిన పనులు కావు, నేను సంసారం నేర్చుకుంది జపాన్‌లో, చెత్త ఏ రోజు ఏ రంగు సంచిలో పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను కానీ మెట్రో వాటర్‌కీ బోరు నీళ్లకీ తేడా తెలియదు. ఇదంతా మా ఆయన వాళ్లకి ఓపిగ్గా చెప్పి ఫుల్ ప్యాకేజీ ఇప్పించాడు. దానికి మాత్రం ఆయనకి దండం.

జపాన్ నుంచి బయల్దేరేముందు ఒక చెక్‌లిస్ట్ ఇచ్చారు, 46 లైన్లు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. వార్డు ఆఫీసులో ఫారిన్ వెళ్తున్నామని ఇచ్చే తెన్‌షుత్సు తొదొకే, జనవరి 1న అక్కడ అడ్రస్ ఉంటే ఆ ఏడాది జూమిన్‌జేయ్, అంటే అక్కడి నివాస పన్ను, కట్టాల్సిందే కాబట్టి మన తరఫున కట్టేవాళ్లని పెట్టుకోవడం, మూడు నెలలు దాటి ఉంటే కాన్సులేట్‌కి ఇచ్చే జాయిర్యూ తొదొకే, పిల్లాడికి ఫ్రీగా వచ్చే జపాన్ టెక్స్ట్ బుక్స్ ఎక్కడ తీసుకోవాలి, రేబిస్, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు ఎన్ని వారాల ముందు మొదలుపెట్టాలి, అన్నీ వరసగా. జపాన్‌లో 1957 తర్వాత ఊళ్లో రేబిస్ అన్నమాటే లేదు, మావాడికి వీధికుక్క కనపడితే వెళ్లి తల నిమరాలనిపిస్తుంది, ఆ లైన్ పక్కన ఎర్ర అక్షరాలతో ముట్టుకోవద్దు అని రాశారు, అది చాలాసార్లు పనికొచ్చింది. కరెంటు సంగతి కూడా. నగోయాలో 100 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. మైక్రోవేవ్ మోయకండి, రైస్ కుక్కర్ ఓవర్సీస్ మోడల్ కొనుక్కోండి అని స్పష్టంగా చెప్పారు. వినకుండా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలని పాత కుక్కర్ తెచ్చుకున్న ఫ్యామిలీ మా పై ఫ్లోర్‌లో ఉంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కుక్కర్ కంటే బరువు.

కానీ ఆ 46 లైన్లలో నా గురించి ఒక్కటి లేదు. జపాన్ పాస్‌పోర్ట్ లేనివాళ్లు, ఎయిజూకెన్ ఉన్నా సరే, దేశం దాటేటప్పుడు రీఎంట్రీ సంగతి చూసుకోవాలి. ఎయిర్‌పోర్ట్‌లో కాగితం మీద టిక్ పెట్టి వెళ్లే మినాషి రకం అయితే ఏడాదిలోపు తిరిగి రావాలి, బయట ఉండగా పొడిగించరు, రాలేదా ఎయిజూకెన్ పోయినట్టే. ఎక్కువకాలం వెళ్లేవాళ్లు ముందే ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి అసలైన పర్మిట్ తీసుకోవాలి, మాక్సిమమ్ 5 ఏళ్లు ఇస్తారు, మల్టిపుల్‌కి అప్పట్లో 6,000 యెన్లు. నాకు ఇది మా ఆఫీసులో ఒక నేపాలీ అమ్మాయి లంచ్‌లో మాటల్లో చెప్పింది, లేకపోతే పదకొండేళ్ల కష్టం ఒక టిక్కుతో గంగలో కలిసేది. ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగితే, భార్య విదేశీయురాలైన కేసు మాకు తక్కువండీ, కన్‌ఫర్మ్ చేసి చెప్తాం అన్నారు, మూడు రోజులకి కన్‌ఫర్మ్ చేశారు, ఆ లోపు నేను వెళ్లి స్టిక్కర్ వేయించుకొచ్చేశా.

మా ఆయన ఏప్రిల్‌లో ముందు వచ్చాడు, మావాడి స్కూల్ ఫస్ట్ టర్మ్ జులైలో అయ్యాక మేమిద్దరం వచ్చాం. చెన్నై కోఆర్డినేటర్ తమిళ అమ్మాయి, జపనీస్ ఎంత బాగా మాట్లాడుతుందంటే ఫోన్‌లో అయితే మా అత్తగారు కూడా గుర్తుపట్టలేరు. రెండు రోజుల్లో తొమ్మిది ఫ్లాట్లు చూపించింది. వాళ్ల దగ్గర ఒక ఫారం ఉంటుంది, బాత్ టబ్ ఉందా, జెనరేటర్ ఏసీలకి కూడా లాగుతుందా లైట్లకేనా, నీళ్లు ఎక్కణ్ణుంచి, వాటిలో కరిగిన ఉప్పు, అదే టీడీఎస్, ఎంత. మీటర్ తెచ్చి కొళాయి కింద పెట్టి కొలిచింది, నాకు ముచ్చటేసింది. ఒక చోట బ్రోకర్ పక్కకెళ్లి ఫోన్‌లో ఓనర్‌తో జప్పాన్‌కారంగ అని ఏదో గుసగుసలాడాడు, ఆ ఒక్క మాట నాకూ అర్థమైంది, అద్దె అక్కడికక్కడే పెరిగింది. ఆ అమ్మాయి ఊరుకోలేదు, పది నెలల అడ్వాన్స్ అడిగిన ఓనర్‌ని ఐదుకి దింపింది. ఈ పని నేను చేయగలనా అంటే చచ్చినా చేయలేను, అది ఒప్పుకోవాలి.

ఓరియెంటేషన్ అని ఇంకోటి ఉంటుంది, రెండు గంటలు, జపనీస్‌లో. ఇండియన్స్ తల అడ్డంగా ఊపితే కాదని కాదు, ఔనని అర్థం, వీడియోతో సహా. నేను కూర్చుని మొత్తం విన్నా. మా ఆయన మధ్యమధ్యలో నా తల వైపు చూస్తున్నాడు.

పేపర్ వర్క్ విషయానికొస్తే సగం సగం. మా ఆయనకి ఎంప్లాయ్‌మెంట్ వీసా, వచ్చిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే విదేశీయుల్ని నమోదు చేసే ఆఫీసులో, రిజిస్ట్రేషన్ కావాలి, అది ఆన్‌లైన్‌లో నీట్‌గా చేశారు. మావాడికి జపాన్‌లో ముందే ఓసీఐ, అంటే ఇండియా మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు, తీసుకున్నాం, ఓసీఐ అంటే వాడికి ఆ రిజిస్ట్రేషనే అక్కర్లేదు అని నేనే వాళ్లకి చెప్పాల్సొచ్చింది, వాళ్ల ఫైల్లో జపనీస్ పిల్లాడు, జపనీస్ పాస్‌పోర్ట్, అంతే. 2023 ఎక్స్‌టెన్షన్‌లో అయితే రెంట్ అగ్రిమెంట్‌లో ఫ్లాట్ నంబర్ ఒకలా, ఫారినర్ అద్దెకున్నారని ఓనర్ తరఫున వీళ్లు చేయించిన సి ఫారంలో తిరగేసి ఇంకోలా పడింది, అప్లికేషన్ వెనక్కొచ్చింది, వీసా అయిపోడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. సారీ మాత్రం అద్భుతంగా చెప్పారు, జపనీస్‌లో పేజీన్నర క్షమాపణ లెటర్, తప్పు ఎవరిది, మళ్లీ జరక్కుండా ఏం చేస్తాం, అన్నీ. మా ఆయన అది చదివి కరిగిపోయాడు. నేను అగ్రిమెంట్ పట్టుకుని ఓనర్ దగ్గరికి పరిగెత్తా.

ఇంక ఆధార్. ఇంట్లో ఇండియన్ నేనొక్కదాన్నే, గ్యాస్ కనెక్షన్‌కి, బ్యాంక్‌కి ఆధార్ అడుగుతారు, అది లేనిది కూడా నాకే, ఎందుకంటే ఆధార్ ఊపందుకునే సరికి నేను దేశంలో లేను. ఏజెన్సీని అడిగితే ఫారినర్స్‌కి అక్కర్లేదు మేడం అన్నారు. నేను ఫారినర్‌ని కాదమ్మా అంటే అవతల కాసేపు సైలెన్స్. ఆఖరికి పోస్టాఫీసులో లైన్లో నిలబడి పాస్‌పోర్ట్ చూపించి నేనే తీసుకున్నా.

స్కూల్ విషయంలో మార్కులు తక్కువ. గవర్నమెంట్ గుర్తింపు ఉన్న ఫుల్‌టైమ్ జపనీస్ స్కూళ్లు ఇండియాలో ఢిల్లీ, ముంబైలోనే ఉన్నాయి. చెన్నైలో అయితే ఇంటర్నేషనల్ స్కూల్లో వేసి, వారాంతం హోషూకో అనే జపనీస్ బడిలో జపనీస్, లెక్కలు చదివించుకోవాలి. వాళ్ల లిస్టులో రెండు స్కూళ్లే, రెండూ కంపెనీ ఫీజు కడితే తప్ప ఊహించలేనివి. మావాడికి తెలుగు అర్థమవుతుంది, ఇంగ్లిష్ సున్నా, ఆ పిల్లాణ్ణి మొదటి ఆర్నెల్లు ఎలా లాక్కురావాలో చెప్పేవాళ్లు లేరు. అది హోషూకో తల్లులే చెప్పారు, ఎవరో వాడేసిన కాంజీ, అంటే జపనీస్ లిపి, కార్డులు, ఎవరో ట్యూషన్ టీచర్.

ఈ సర్వీస్ ఉండి తీరాలి అని నేననుకున్నది 2022 నవంబర్‌లో. వానలు, దోమలు, మావాడికి డెంగీ. రాత్రి పదకొండున్నరకి జ్వరం 103 దాటింది, మా ఆయన ఆ వారం జపాన్ హెడ్డాఫీసులో. డాక్టర్‌తో నేను ఇంగ్లిష్‌లో మాట్లాడుకోగలను కాబట్టి ఇంటర్‌ప్రెటర్ ఎందుకులే అనుకున్నా కానీ అసలు కావాల్సింది అది కాదు. ఇన్సూరెన్స్ వాళ్ల టోక్యో డెస్క్ నుంచి క్యాష్‌లెస్ గ్యారంటీ లెటర్ వచ్చేదాకా అడ్మిషన్‌కి డబ్బు కట్టమంటారు, ఆ డెస్క్‌తో జపనీస్‌లో గంటసేపు, హాస్పిటల్ బిల్లింగ్‌తో తమిళంలో ఇంకో గంట, ప్లేట్‌లెట్స్ 38 వేలకి పడ్డాయన్నప్పుడు అటు మా ఆయనకీ ఇటు గుడివాడకీ చెప్పుకోవడం, ఇవన్నీ ఒక్కదాన్ని పిల్లాడి పక్కన కూర్చుని చేయలేను. కోఆర్డినేటర్ పొద్దున ఏడింటికల్లా ఇడ్లీ పొట్లంతో వచ్చి ఫైలు నా చేతిలోంచి తీసుకుంది. ఐదు రోజులు రోజూ వచ్చింది. మూడో రోజు మా అత్తగారికి వీడియో కాల్‌లో ప్లేట్‌లెట్స్ అంటే ఏంటో కూడా ఆవిడే వివరించింది, నాకంటే మర్యాదగా.

ఆరు నెలల తర్వాత కంపెనీ కట్టడం ఆపేసింది. ఆ డెంగీ భయంతో మేమే నెలకి 12 వేలు, పైన 18 శాతం జీఎస్టీ, కట్టుకుంటూ ఏడాది కొనసాగించాం. అది వేస్ట్ అని తెలిసింది మిచాంగ్ తుఫానప్పుడు. 2023 డిసెంబర్ 4, చెన్నై మునిగిపోయింది, మా సందులో మోకాలి పైకి నీళ్లు, జెనరేటర్‌లో డీజిల్ సాయంత్రానికి అయిపోయింది, లిఫ్ట్ లేదు, మోటార్ లేదు. హెల్ప్‌లైన్ నుంచి ఆ రోజు ఐదు మెసేజ్‌లు వచ్చాయి, ఐదూ ఒకటే, సురక్షితమైన చోట ఉండండి అని. వాళ్లని తప్పు పట్టలేను, ఆ కోఆర్డినేటర్ ఇల్లే నీళ్లలో ఉందంట. మాకు పాలు తెచ్చింది వాచ్‌మన్, తాగే నీళ్లు మూడు క్యాన్లు నాలుగంతస్తులు మోసింది కింద ఫ్లోర్ కుర్రాళ్లు. డ్రైవర్ ఊరు సూళ్లూరుపేట దగ్గర, అక్కా, రోడ్డు మీద నీళ్లున్నాయి, సార్‌ని ప్లాంటు గెస్ట్‌హౌస్‌లోనే ఉంచేశా, కంగారు పడకండి అని తెలుగులో ఫోన్ చేశాడు చూడండి, అప్పటికి గానీ ఊపిరాడలేదు. పై ఫ్లోర్ జపనీస్ ఆవిడ ఫోన్ చార్జింగ్ అయిపోయి ఇద్దరు పిల్లలతో మా ఇంటికొచ్చేసింది. గ్యాస్ ఉంది కాబట్టి పప్పు, అన్నం, ఆవకాయ. ఆవిడ పిల్లలు ఆవకాయ ముక్క నీళ్లలో కడుక్కుని తిన్నారు. మర్నాడు తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతుంటే గుడివాడలో మా అమ్మకి ఫోన్ చేసి టార్చి లైటు, మంచినీళ్లు పక్కన పెట్టుకో అని జాగ్రత్తలు చెప్పేదాన్ని నేనయ్యా.

ఆ తర్వాత పై ఫ్లోర్ ఆవిడ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం మానేసి నాకు చేయడం మొదలుపెట్టింది. పనిమనిషి దీపావళి బోనస్ నెల జీతమా సగమా, సిలిండర్ వచ్చినవాడికి టీ డబ్బులు ఇవ్వాలా, పక్కింట్లో చావు మేళం మోగుతుంటే కిటికీ మూసుకోవచ్చా. సగం నాకూ తెలియదు, మా పనిమనిషిని అడిగి చెప్తా. జనవరిలో నెలవారీ ప్లాన్ ఆపేశాం. అప్పట్నుంచి పనికింత అని కట్టుకుంటున్నాం, వీసా ఎక్స్‌టెన్షన్‌కి ఒకసారి, అగ్రిమెంట్ రెన్యువల్‌కి ఒకసారి. ఏడాదికి లెక్కేస్తే నాలుగో వంతు కూడా అవ్వట్లేదు. వాళ్ల న్యూస్‌లెటర్ మాత్రం ఇంకా వస్తుంది, మూడున్నరేళ్లలో వీకెండ్ ట్రిప్ అంటే మహాబలిపురం తప్ప ఇంకోటి రాయలేదు. మా డ్రైవర్ చలికాలంలో నేలపట్టు తీసుకెళ్లి గూడబాతుల్ని చూపించాడు, మావాడి హోషూకో వ్యాసం దాని మీదే.

కాబట్టి పోస్టింగ్ మీద వచ్చే ఫ్యామిలీ ఎవరైనా అడిగితే నేను చెప్పేది, మొదటి మూడు నెలలు పూర్తి ప్యాకేజీ తీసుకోండి, కంపెనీ తగ్గిస్తానంటే పోట్లాడండి. హాస్పిటల్ సపోర్ట్ విడిగా అమ్మితే అది వదలొద్దు. మిగతా నెలవారీది దండగ. ఇంట్లో ఒకరి పాస్‌పోర్ట్ వేరే దేశానిదైతే ఆ మనిషి పనులు మీరే చూసుకోండి, వాళ్ల ఫైల్లో ఆ మనిషి ఉండదు.

ఇప్పుడు మావాడు ఐదో క్లాసు, మిడిల్ స్కూల్ కోసం ఈ ఏడాది వెనక్కి వెళ్తున్నాం, నా పర్మిట్‌కి ఇంకా ఏడాది పైనే ఉంది. మొన్న తిరుగు ప్రయాణం ప్యాకేజీకి కొటేషన్ అడిగితే కొత్త చెక్‌లిస్ట్‌లు పంపారు, వచ్చేవాళ్లది, వెళ్లేవాళ్లది రెండూ. వచ్చేవాళ్ల లిస్టులో ఇప్పుడు 47 లైన్లున్నాయి. ఆఖరిది, భార్య లేదా భర్త జపాన్ పౌరులు కాకపోతే రీఎంట్రీ పర్మిట్ తీసుకున్నారా. కోఆర్డినేటర్‌కి మెసేజ్ పెట్టా, ఇది నాదే కదా అని. ఔను మేడం అని, తల అడ్డంగా ఊపే బొమ్మ ఒకటి పంపింది.